పంచెకి బెల్టు పెడితే సంప్రదాయం జారిపోతుందా?

ముందే చెప్పేస్తున్నా, నేను బెల్టు పార్టీ. పంచె కట్టుకుని, అది జారకుండా నడుముకి బెల్టు పెట్టుకునేవాళ్ళ తరఫున ఈ వ్యాసం రాస్తున్నాను. చదివాక మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. కానీ పక్కవాడి జుబ్బా పైకెత్తి చూసే ముందు ఒక్క నిమిషం ఆగితే చాలు.

మన క్యాంపస్‌లో ఏటా రెండుసార్లు ఈ గొడవ వస్తుంది. ఒకటి ట్రెడిషనల్ డే. రెండోది ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఆ రెండు రోజులూ అబ్బాయిలు పంచెల్లో వస్తారు. ఆ రెండు రోజులూ ఎవడో ఒకడు "ఒరేయ్, వీడు పంచెకి బెల్టు పెట్టాడ్రోయ్" అని అరుస్తాడు. ఫోన్లు బయటికొస్తాయి, రీల్ తయారవుతుంది. ఈసారి మా బ్యాచ్‌లో ఒకడు ఇంకో మెట్టు ఎక్కాడు. తెల్ల చొక్కా, జరీ పంచె, భుజాల మీంచి నల్ల సస్పెండర్లు. పాత సినిమాల్లో జమీందారు గారి అబ్బాయి ఫారిన్ నుంచి దిగినట్టు ఉన్నాడు. నాకైతే నచ్చింది. కానీ 'బెస్ట్ ట్రెడిషనల్ వేర్' ర్యాంప్ వాక్‌లో వాడిని పక్కన నిలబెట్టేశారు. కారణం ఒకటే ముక్క: "ఇది ట్రెడిషన్ కాదు."

నన్ను బాధపెట్టింది ప్రైజు పోవడం కాదు. ఆ సాయంత్రం వాడు అన్న మాట. "వచ్చే ఏడాది జీన్స్ మీద కుర్తా వేసుకుని వచ్చేస్తా మామా, గొడవుండదు." అంటే మనం సంప్రదాయాన్ని కాపాడి, పంచె కట్టే ఒక మనిషిని పోగొట్టుకున్నాం. ఇది లాభమా, నష్టమా? లెక్క మీరే వేయండి.

అసలు పంచె ఎలా నిలబడుతుంది?

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ముందు ఫిజిక్స్ చూద్దాం. ప్యాంటుకి కుట్టు ఉంది, హుక్కు ఉంది, జిప్పు ఉంది. పంచెకి ఏమీ లేదు. ఎనిమిది మూరల బట్ట, అంటే ఇంచుమించు మూడున్నర మీటర్ల పైచిలుకు. అది నడుము మీద నిలబడేది కేవలం రాపిడి వల్ల. బట్టకీ ఒంటికీ మధ్య రాపిడి, బట్టకీ బట్టకీ మధ్య రాపిడి. పైఅంచుని బిగించి, మడిచి, లోపలికి దోపుతాం చూశారా, ఆ మడతే మొత్తం బరువు మోస్తుంది.

ఇప్పుడు మన ట్రెడిషనల్ డే పంచె సంగతి చూడండి. షాపులోంచి నిన్న వచ్చింది. గంజి పోలేదు. చాలావాటిలో పాలిస్టర్ కలిసి ఉంటుంది, నున్నగా జారుతుంది. కట్టుకున్నవాడికి నడుమే లేదు, హాస్టల్ మెస్ తిని కర్రలా ఉన్నాడు. లోపల షార్ట్ జేబులో ఫోన్, పవర్ బ్యాంక్. వాడికి జీవితంలో ఇది రెండోసారి పంచె కట్టడం. మొదటిసారి పంచెల ఫంక్షన్‌లో, పదకొండేళ్ళప్పుడు, మేనమామ కట్టాడు. వీడు ఆ రోజు స్టేజి మీద డాన్స్ చెయ్యాలి. బెల్టు లేకుండా నిలబడమంటే ఎలా?

బెల్టు చేసే పని సింపుల్. చుట్టూ సమానంగా బిగించి రాపిడిని పెంచుతుంది. సస్పెండర్లు చేసేది వేరే పని. అవి బరువుని నడుము మీంచి తీసేసి భుజాలకి అప్పగిస్తాయి. ప్యాంటుకి అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్యాంటు ఒకే రింగులా కుట్టి ఉంటుంది. పంచె అలా కాదు. నాలుగు చోట్ల క్లిప్పు పెట్టి పైకి లాగితే ఆ నాలుగు చోట్లా పైకి లేచి, మధ్యలో వంకరలు పోతుంది. కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి. క్లిప్పు పళ్ళు జరీ అంచుని కొరికేస్తాయి. గోచీ పోసి కడితే ఇంకా కష్టం. కూర్చున్నప్పుడు వెనక దోపిన చెంగుని భుజం పైకి లాగుతుంది. కాబట్టి మా వాడి సస్పెండర్ల మీద నా టెక్నికల్ రిపోర్ట్: చూడ్డానికి సూపర్, పనితనంలో యావరేజ్. అయినా వాడి భుజాలు, వాడి పంచె, వాడిష్టం.

తాతలు ఏం పెట్టుకున్నారు?

"మన పూర్వీకులు బెల్టు పెట్టారా?" అని అడుగుతారు. పెట్టారు. పేరే వేరు. మొలతాడు.

మొలతాడు దేనికి అనుకుంటున్నారు? దిష్టికి కట్టే నల్లతాడు అని మనకి తెలుసు. కానీ దాని అసలు ఉద్యోగం గోచీని నిలబెట్టడం. గోచీగుడ్డ ముందు నుంచి వెనక్కి వెళ్ళి ఆ తాడు మీదే ఆగుతుంది. మన తీరం వెంబడి వల లాగిన జాలర్లు, పొలంలో నాగలి పట్టిన రైతులు తరతరాలుగా దాని మీదే ఆధారపడ్డారు. నడుము చుట్టూ తిరిగి, బట్ట జారకుండా పట్టుకునే వస్తువుని ఇంగ్లీషులో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

మా తాతయ్యది పొందూరు దగ్గర పల్లె. అక్కడి ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ పనిముట్టుని మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు, చిన్న దువ్వెనలా పళ్ళన్నీ వరసగా ఉన్నాయి. తాతయ్య ఆ ఊరు వదిలి వైజాగ్ వచ్చి పోర్టులో కలాసీగా చేశారు. ఇంట్లో ఇప్పటికీ లుంగీయే. డబ్బులు రొండిలో, మందుల చీటీ రొండిలో, ఈమధ్య సెల్ ఫోన్ కూడా రొండిలోనే. బయటికి వెళ్తే పంచె. దాని మీద అరలున్న వెడల్పాటి బెల్టు. సంతల్లో పశువుల బేరగాళ్ళు పెట్టుకుంటారు చూడండి, ఆ రకం. మా గొడవ గురించి చెప్పి, "తాతా, పంచెకి బెల్టు తప్పా?" అని అడిగాను. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి అడిగితే అన్నారు: "ఏటి బాబూ నీ గొడవ? కట్టుకున్నోడికి నిలబడాల గానీ, సూసినోడికేటి?"

రోజూ కట్టుకునే మనిషికి అది సమస్యే కాదు. ఏడాదికి రెండుసార్లు కట్టుకునే మనకే అది పెద్ద సిద్ధాంతం అయిపోయింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, దీని మీదే నా మిగతా వాదన అంతా ఉంది.

స్కాట్లాండ్‌లో కూడా ఇదే పంచాయితీ

పంచెకి దూరపు చుట్టం ఒకటి ఉంది, కిల్ట్. స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే గళ్ళ ఉన్ని బట్ట. మన లుంగీ చూసి నవ్వే విదేశీయులకి మనం జవాబుగా చూపించేది దాన్నే. అక్కడ కూడా అచ్చం మన లాంటి తగువే నడుస్తుంది: కిల్ట్ మీద సస్పెండర్లు పెట్టవచ్చా, లేదా? కొలతకి కుట్టించుకుంటే నడుము దగ్గరున్న పట్టీలూ బకిల్సే చాలు, సస్పెండర్ల అవసరమే లేదని ఒక వర్గం. పొట్ట ఉండి జారిపోయేవాడు కోటు లోపల పెట్టుకుంటే మీకేంటి నొప్పి అని ఇంకో వర్గం. మంచి కిల్ట్‌కి ఎనిమిది గజాల దాకా ఉన్ని బట్ట పడుతుంది. మనది ఎనిమిది మూరలు, వాళ్ళది ఎనిమిది గజాలు. జారితే మాత్రం ఇద్దరిదీ ఒకటే పరువు.

అయితే దాని చరిత్ర ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మొదట్లో కిల్ట్ కుట్టిన బట్ట కాదు. మన పంచెలాగే పొడవాటి విడి బట్ట. దాన్ని నేల మీద పరిచి, కింద బెల్టు పెట్టి, కుచ్చిళ్ళు పోసి, దాని మీద పడుకుని, బెల్టు బిగించి లేచేవాళ్ళట. అంటే బెల్టు తర్వాత వచ్చి చేరింది కాదు, బెల్టు లేకపోతే ఆ కట్టే లేదు. ఇప్పుడున్న పొట్టి కిల్ట్ ఎలా వచ్చిందన్న దానికి ఒక కథ ఉంది. 1720ల్లో థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషువాడు అక్కడి కొండల్లో ఇనుము కరిగించే కొలిమి నడిపాడు. అంత పెద్ద బట్టతో పనివాళ్ళు కొలిమి దగ్గర ఇబ్బంది పడుతున్నారని పైసగం తీసేయించి కింది సగమే ఉంచాడని ఆ కథ. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. అయినా ఉక్కు నగరంలో చదువుకునే మనకి ఇందులో లాజిక్ వెంటనే తెలుస్తుంది. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో మొదటి రోజు మనకి చెప్పిన రూల్ ఏంటి? లూజు బట్టలతో లేత్ దగ్గరికి రావద్దు. పని మారితే బట్ట మారుతుంది. అంతే.

తర్వాత 1745 తిరుగుబాటు జరిగింది. దాన్ని అణిచేశాక 1746లో బ్రిటిష్ పార్లమెంటు ఆ కొండవాళ్ళ దుస్తుల్నే నిషేధించింది. సైన్యంలో ఉన్నవాళ్ళకి తప్ప మిగతా మగవాళ్ళకి కట్టుకుంటే జైలే. 1782లో ఆ చట్టం రద్దయ్యేసరికి రోజువారీగా కట్టుకునే అలవాటు చాలావరకు పోయింది. ఆ తర్వాత 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు, రచయిత వాల్టర్ స్కాట్ ఆధ్వర్యంలో పెద్ద వేడుక చేశారు. పెద్దమనుషులందరూ కిల్టులు కుట్టించుకున్నారు. ఏ గళ్ళు ఏ వంశానివి, దేని మీద ఏది వేసుకోవాలి అనే పట్టింపులు చాలావరకు ఆ కాలం నుంచి బలపడినవే.

ఇప్పుడు మా తాతయ్య దగ్గరికి రండి. రోజూ కట్టుకునేవాళ్ళు ఉన్నంతకాలం రూల్స్ తక్కువ. కట్టుకునేవాళ్ళు తగ్గే కొద్దీ రూల్స్ పెరుగుతాయి. ఎందుకంటే వాడకంలో ఉన్న బట్టని అవసరం దిద్దుతుంది. వాడకంలో లేని బట్టని పోటీ జడ్జీలు దిద్దుతారు.

చీరకి లేని రూల్ పంచెకెందుకు?

ట్రెడిషనల్ డే నాడు మన క్లాసు అమ్మాయిల చీరల్ని గమనించండి. చీర కూడా కుట్టని బట్టే. అది దేని మీద నిలబడింది? లంగా బొందు మీద. లంగా కుట్టిందే, బొందు బిగించిందే. దాని పైన కుచ్చిళ్ళ దగ్గర ఒక పిన్ను, భుజం మీద ఇంకోటి, నడుము దగ్గర మరోటి. కొందరు వడ్డాణం పెడతారు, ఈమధ్య చీర మీద లెదర్ బెల్టు కూడా ఫ్యాషనే. ఎవరైనా "పిన్ను పెట్టావు, నీది సంప్రదాయం కాదు" అని అమ్మాయిని ర్యాంప్ దింపేశారా? లేదు కదా. ఇప్పటి పద్ధతిలో జాకెట్టు, లంగాలతో చీర కట్టడం 1860ల తర్వాత బెంగాల్‌లో టాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి లాంటివాళ్ళు ప్రచారంలోకి తెచ్చింది. దాన్ని మనం హాయిగా సంప్రదాయం అనేసుకున్నాం. మంచిదే. అదే మర్యాద పంచెకి కూడా ఇవ్వండి అంటున్నాను.

మగవాళ్ళ వైపు కూడా కలగాపులగం కొత్తేం కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా మన ఊళ్ళోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆయన వేషం గుర్తు తెచ్చుకోండి: తలపాగా, గుండీలు పెట్టిన పొడుగాటి కోటు, కింద పంచె. కోటు కుట్టిన బట్ట, పంచె విడి బట్ట. ఆ తరం పెద్దవాళ్ళ ఫొటోలు చూస్తే ఈ జోడింపు ఎంతోమంది మీద కనిపిస్తుంది. ఆ ఫొటోలు చూసి ఇవాళ మనం "ఫ్యూజన్" అనం. "ఎంత హుందాగా ఉన్నారో" అంటాం. 1992లో మన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన పీవీ నరసింహారావు గారికి పంచె రోజువారీ దుస్తు. ఆయన ప్రధానమంత్రి పని చేశారు, పంచె దాని పని అది చేసింది.

అవతలి పార్టీ వాదనలు

అవతలివాళ్ళని మరీ తీసిపారేయలేం. వాళ్ళ మాటల్లో కూడా పస ఉంది.

"సరిగ్గా కట్టడం నేర్చుకుంటే బెల్టు అక్కర్లేదు కదా?" నిజమే. బాగా కట్టిన పంచె బెల్టు లేకుండా రోజంతా నిలబడుతుంది. కానీ నేర్చుకునేది కడుతూ కడుతూనే. ఈత నేర్చుకునేవాడి నడుముకి ట్యూబు కట్టి "వీడికి ఈత రాదు" అని నవ్వం కదా.

"గుడిలోకి తోలు బెల్టు ఏంటి?" ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. తిరుమల ఆర్జిత సేవలకి మగవాళ్ళు పంచె, ఉత్తరీయంలో వెళ్తారు. అక్కడ తోలు మనసుకి పట్టనివాళ్ళు చాలామంది. గుడ్డ బెల్టు పెట్టుకోండి, సమస్య తీరిపోతుంది. ఇది తోలు మీద అభ్యంతరం, బెల్టు మీద కాదు.

"ఇవాళ బెల్టు, రేపు వెల్‌క్రో, ఎల్లుండి ఎలాస్టిక్. కట్టడం అనే విద్యే పోతుంది." ఇదీ అసలైన వాదన. దీనికి నా జవాబు: బెల్టూ వెల్‌క్రో ఒకటి కాదు. వెల్‌క్రో పంచెలో కట్టే పనే ఉండదు, అతికించుకుని వెళ్ళిపోవడమే. బెల్టు పెట్టాలంటే ముందు పంచె కట్టాలి. కుచ్చిళ్ళు పొయ్యాలి, అంచు సరిచూసుకోవాలి, దోపాలి. బెల్టు ఆ కట్టుకి కాపలా మాత్రమే. కాబట్టి విద్య పోతుందన్న భయం ఉన్నవాళ్ళు నిజానికి బెల్టు పార్టీలో చేరాలి. బెల్టు తీయించేస్తే పిల్లలు కట్టుడు నేర్చుకోరు, నేరుగా వెల్‌క్రో కొనుక్కుంటారు.

ఇంకో సంగతి కూడా చూడండి. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బులో కార్యక్రమానికి వెళ్ళిన హైకోర్టు జడ్జి గారిని, పంచె కట్టుకున్నారని లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవైంది. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం, పంచె కట్టుకున్నందుకు క్లబ్బుల్లోకి, బహిరంగ స్థలాల్లోకి రానివ్వకపోవడం కుదరదని చట్టం చేసింది. పంచెకి బయట ఎదురయ్యే తలుపులు ఇంకా ఉన్నాయి. లోపల మనమే ఇంకో తలుపు కట్టుకోవడం దేనికి?

గిడుగు గారి పుట్టినరోజున

ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి గారిది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలి, బళ్ళో చెప్పాలి అని జీవితమంతా పోరాడారు. అప్పటి పండితులు ఏమన్నారు? వాడుక మాటలు కలిస్తే భాష చెడిపోతుంది, వ్యాకరణం జారిపోతుంది అన్నారు. ఆయన గెలిచారు కాబట్టే ఈ ఈ-మ్యాగజైన్‌లో నాలాంటివాడు రాయగలుగుతున్నాడు. ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం నాది. నా తెలుగులో ట్రెడిషన్, రీల్, రిపోర్ట్ అన్నీ ఉన్నాయి, మీరూ చూశారు. అవి నా బెల్టు. అవి తీసేసి రాయమంటే నేను మంచి తెలుగు రాయను, అసలు తెలుగే రాయను. అలాంటి మనిషి పుట్టినరోజు పేరు చెప్పుకుని ఒకడి నడుము తనిఖీ చెయ్యడం నాకు అస్సలు నచ్చలేదు.

చివరగా పనికొచ్చే మాటలు

క్లబ్బుకి నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, పోటీలో మార్కులు కట్టుకి ఇవ్వండి. కుచ్చిళ్ళు ఎలా పడ్డాయి, అంచు పాదం దగ్గర సమంగా ఉందా, మనిషి అందులో తేలిగ్గా నడుస్తున్నాడా అని చూడండి. జుబ్బా కింద ఏముందో చూడకండి. రెండు, ట్రెడిషనల్ డేకి వారం ముందు ఒక సాయంత్రం పంచె కట్టడం నేర్పే సెషన్ పెట్టండి. మన మెస్‌లో, సెక్యూరిటీలో, గార్డెన్‌లో పనిచేసే పెద్దవాళ్ళలో రోజూ కట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని గురువులుగా పిలుద్దాం. అడ్డపంచె, గోచీకట్టు రెండూ నేర్పమందాం. మూడు, అనుమతి లేకుండా ఎవరి బట్టలూ పైకెత్తి రీల్ తియ్యొద్దు. ఇది సంప్రదాయం కన్నా ముందు మర్యాద.

ఇక బెల్టు పార్టీ సోదరులకి చిన్న సలహా. కొత్త పంచెని ఒకసారి ఉతకండి, గంజి పోయి బట్ట బట్టని పట్టుకుంటుంది. సన్నటి గుడ్డ బెల్టు వాడండి. పంచె కట్టేశాక దాని మీద బిగించి, పైఅంచుని బెల్టు మీదికి ఒక మడత మడవండి. బెల్టు కనపడదు, పంచె కదలదు. కనపడాలని మీకు సరదా ఉంటే కనపడనివ్వండి. సస్పెండర్ల హీరోకి నా సలహా వేరే: క్లిప్పులు జరీ మీద కాకుండా మడత మీద పెట్టు, కింద గుడ్డ బెల్టు కూడా బిగించు. జీన్స్ ఇంట్లో వదిలేసి వచ్చే ట్రెడిషనల్ డేకి మళ్ళీ అలాగే రా. ఈసారి నీ పక్కన ర్యాంప్ మీద నేనూ ఉంటాను, తాతయ్య అరల బెల్టు అడిగి తెచ్చుకుంటాను.